హార్మోన్లు: మెదడు, లింగ వికాసం, ప్రవర్తన

పశువులున్న ఇంట్లో ఒకే జంతువుకు మూడు పేర్లు వినిపిస్తాయి. వయసుకొస్తున్న మగదూడ కోడె. దానికి విత్తులు కొట్టించి అరకకు మరిపితే ఎద్దు. దేవుడి పేర అచ్చువేసి ఊరిమీద వదిలేస్తే ఆంబోతు. ఎద్దుకూ ఆంబోతుకూ పుట్టుకలో భేదమేమీ లేదు. ఒకే తల్లి కడుపున పుట్టిన రెండు దూడల్లో ఒకటి ఇలా, ఇంకొకటి అలా కావచ్చు. ఎద్దు మెడ వంచి కాడి మోస్తుంది. ఆంబోతు రంకె వేసి కాలు దువ్వుతుంది, ఎదకొచ్చిన ఆవును వాసన పట్టి కంచె దాటుతుంది. శరీరంలోనూ నడతలోనూ ఉన్న ఈ అంతరమంతా వృషణాలనే రెండు గ్రంథులు ఉండటం వల్లా, లేకపోవడం వల్లా వచ్చిందేనని రైతుకు వేల ఏళ్ళుగా తెలుసు. పొట్ట కింద ఎక్కడో ఉన్న గ్రంథి తలలో ఉన్న మెదడును ఎలా మారుస్తుందన్న ప్రశ్నకు మొదటి ఆనవాలు మాత్రం 1849లో, జర్మనీలోని గోటింగెన్ పట్టణంలో, ఒక కోళ్ళదొడ్డిలో దొరికింది.

కోడిపుంజుల సాక్ష్యం

ఆర్నాల్డ్ బెర్తోల్డ్ అనే వైద్యుడు ఆరు పుంజుపిల్లలను తీసుకున్నాడు. రెండింటికి వృషణాలు పూర్తిగా తీసేశాడు. మరో రెండింటికి ఒక వృషణాన్ని తీసివేసి, రెండోదాన్ని దాని చోటు నుంచి ఊడదీసి కడుపులోనే వదిలాడు. చివరి రెండింటికీ వృషణాలు తీసేసి, ఒకదాని వృషణాన్ని ఇంకొకదాని కడుపులోకి మార్చి కుట్టాడు. మొదటి రెండూ చప్పబడ్డాయి. తురాయి ఎదగలేదు, కూత గట్టిపడలేదు, పెట్టల జోలికి పోలేదు, సాటి పుంజు ఎదురైతే పందెపు పుంజులా మెడ ఈకలు నిక్కబొడవలేదు. మిగిలిన నాలుగూ అసలైన పుంజుల్లా పెరిగాయి.

వాటి కడుపులు కోసి చూస్తే, చోటు మారిన వృషణాలు పేగులకు అంటుకుని బతికే ఉన్నాయి. వాటికి కొత్తగా రక్తనాళాలు ఏర్పడ్డాయి. పాత నరాలు మాత్రం తెగిపోయాయి. అంటే వృషణం పంపే కబురు నరాల దారిన పోవడం లేదు, రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరిగి మెదడుకు చేరుతోంది. బెర్తోల్డ్ దీన్ని నాలుగు పేజీల్లో రాశాడు. ఆ తరువాత దాదాపు అర్ధశతాబ్దం ఆ పేజీలను పట్టించుకున్నవారు తక్కువ. ఈ శాస్త్రం మొత్తంలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత పెద్ద సత్యాన్ని పట్టిన ప్రయోగం ఇంకొకటి లేదనే చెప్పాలి.

రక్తంలో తిరిగే ఈ పదార్థాలకు పేరు పెట్టింది 1905లో, ఇంగ్లండుకు చెందిన ఎర్నెస్ట్ స్టార్లింగ్. ‘రేపడం, కదిలించడం’ అనే అర్థమున్న గ్రీకు క్రియ నుంచి హార్మోను అన్న మాట పుట్టింది. పేరు తరువాత పదార్థాల వేట మొదలైంది. అడాల్ఫ్ బూటెనాంట్ 1929లో గర్భిణుల మూత్రం నుంచి ఈస్ట్రోను, 1931లో పోలీసుల మూత్రం వేల లీటర్లు పోగుచేసి ఆండ్రోస్టెరోను వేరుచేశాడు. 1935లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎర్నెస్ట్ లాకర్ బృందం ఆంబోతు వృషణాల నుంచి అసలు పదార్థాన్ని తీసి టెస్టోస్టెరాన్ అని పిలిచింది. వంద కిలోల వృషణాలకు దక్కింది 10 మిల్లీగ్రాములే.

పుట్టిన నాడే ఈ పదార్థాలకు ‘మగ హార్మోను’, ‘ఆడ హార్మోను’ అన్న ముద్ర పడింది. ఆ ముద్ర తప్పని తేలడానికి ఎంతోకాలం పట్టలేదు. 1934లో బెర్న్‌హార్డ్ జోండెక్ మగగుర్రం మూత్రంలో ‘ఆడ హార్మోను’ అయిన ఈస్ట్రోజన్ సమృద్ధిగా ఉందని చూపించి అందరినీ ఆశ్చర్యపరిచాడు. లోతుకు పోతే ఇందులో వింతేమీ లేదు. శరీరం కొలెస్టరాల్ నుంచి ప్రొజెస్టెరాన్‌ను, అక్కడి నుంచి టెస్టోస్టెరాన్‌ను, దాన్నుంచి ఈస్ట్రడయాల్‌ను మెట్టుమెట్టుగా తయారుచేస్తుంది. స్త్రీ శరీరంలోని ప్రతి ఈస్ట్రడయాల్ అణువూ అంతకు ముందు టెస్టోస్టెరానో, దాని దాయాదో అయి ఉంటుంది. రెండూ ఇద్దరిలోనూ ఉంటాయి. పాళ్ళు వేరు, వేళలు వేరు.

గ్రంథికీ మెదడుకూ మధ్య

పెద్దవయసు పురుషుడి రక్తం ఒక మిల్లీలీటరులో టెస్టోస్టెరాన్ సుమారు 3 నుంచి 10 నానోగ్రాములు ఉంటుంది. నానోగ్రామంటే గ్రాములో వందకోట్లవ వంతు. ఇంత చిన్న మోతాదు ఇంత పని చేయడానికి కారణం గ్రాహకాలు. హార్మోను ఒంట్లో ప్రతి కణాన్నీ తాకుతూ పోతుంది, కానీ తనకు తగిన గ్రాహకమున్న కణంలోనే పని చేస్తుంది. స్టెరాయిడ్ హార్మోన్లు కణం లోపలికి దూరి, గ్రాహకంతో జతకట్టి, కేంద్రకంలోని జన్యువుల్లో కొన్నింటిని మేల్కొలిపి కొన్నింటిని నిద్రపుచ్చుతాయి. మెదడులో ఈ గ్రాహకాలు ఎక్కువగా ఉండేచోట్లు హైపోథాలమస్, దానికి చేరువలోని ప్రీఆప్టిక్ ప్రాంతం, భయానికీ కోపానికీ నెలవైన అమిగ్డలా, జ్ఞాపకాలకు పట్టుకొమ్మ అయిన హిప్పోక్యాంపస్.

కబురు ఒకవైపే పోదు. మెదడు కూడా గ్రంథులను నడుపుతుంది. మన పాఠ్యపుస్తకాల్లో అధోపర్యంకమని కనిపించే హైపోథాలమస్ నుంచి చిన్నచిన్న ప్రోటీను తునకలు సన్నని రక్తనాళాల గుండా పీయూష గ్రంథికి చేరతాయని జెఫ్రీ హారిస్ వాదించాడు. ఆ తునకలను పట్టుకోవడానికి రోజర్ గిల్లెమిన్ గొర్రెల మెదళ్ళనూ, ఆండ్రూ షాలీ పందుల మెదళ్ళనూ లక్షల సంఖ్యలో కబేళాల నుంచి తెప్పించుకుని ఏళ్ళ తరబడి పోటీపడ్డారు. సంతానోత్పత్తికి తాళంచెవి అయిన జీఎన్ఆర్‌హెచ్ నిర్మాణం 1971లో తేలింది. అందులో ఉన్నవి పదే పది అమైనో ఆమ్లాలు. 1977 నోబెల్ బహుమతిలో ఇద్దరికీ వాటా దక్కింది.

గర్భంలో జరిగేది

ఆరు వారాల మానవ పిండం ఆడా కాదు, మగా కాదు. క్రోమోజోములు ఎక్స్ఎక్స్ అయినా ఎక్స్‌వై అయినా లోపల ఒకే రకం బీజగ్రంథి ఉంటుంది. దాని పక్కనే రెండు జతల నాళాలు సిద్ధంగా ఉంటాయి. ఒక జత గర్భాశయంగా మారగలది, రెండో జత వీర్యవాహికలు కాగలది. వై క్రోమోజోము మీద ఎస్ఆర్‌వై అనే జన్యువు ఉంటే ఆ సమయంలో అది మేలుకొని బీజగ్రంథిని వృషణం చేస్తుంది. ఈ జన్యువు 1990లో లండన్‌లో దొరికింది. మరుసటి ఏడాది ఎక్స్ఎక్స్ ఎలుక పిండంలో దాన్ని ప్రవేశపెడితే మగ ఎలుక పుట్టింది.

అక్కడి నుంచి కథ హార్మోన్ల చేతిలోకి వెళుతుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ జోస్ట్ 1940లలో తల్లి కడుపులో ఉన్న కుందేలు పిండాలకు శస్త్రచికిత్స చేసి బీజగ్రంథులు తీసేశాడు. క్రోమోజోములు ఏవైనా సరే, పుట్టిన పిల్లలన్నింటిలో ఆడ నాళాలే ఎదిగాయి. మగవైపు మళ్ళాలంటే వృషణం రెండు పనులు చేయాలి. టెస్టోస్టెరాన్‌తో మగ నాళాలను నిలపాలి, మరో హార్మోనుతో ఆడ నాళాలను కరిగించాలి. బయటి అవయవాలకు ఇంకో మెట్టు ఉంది. అక్కడి చర్మం టెస్టోస్టెరాన్‌ను మరింత బలమైన డీహెచ్‌టీగా మార్చుకుంటేనే పురుషాంగం ఏర్పడుతుంది.

దీన్ని చాలామంది ‘ఆడరూపం తనంతట తానే వస్తుంది, మగరూపాన్ని కష్టపడి కట్టాలి’ అని చెప్పుకున్నారు. నాళాల వరకు అది కొంత నిజమే. కానీ అండాశయం దానంతట అది ఊడిపడదు, దానికీ ప్రత్యేక జన్యువులు పనిచేయాలని తరువాత తెలిసింది. పాత పాఠాల్లో ఈ దిద్దుబాటు ఇంకా పూర్తిగా ఎక్కలేదు.

ఆవు కవలలను ఈనినప్పుడు ఒకటి కోడెదూడ, ఒకటి పెయ్యదూడ అయితే, ఆ పెయ్య సాధారణంగా గొడ్డుపోతుంది. రెండు దూడల మాయల్లోని రక్తనాళాలు కలిసిపోవడంతో కోడెదూడ వృషణాల హార్మోన్లు పెయ్య శరీరంలో చేరతాయి. ఫ్రాంక్ లిల్లీ 1916లో ఇచ్చిన ఈ వివరణే, పుట్టకముందే హార్మోన్లు లింగాన్ని మలుస్తాయనడానికి తొలి గట్టి ఆధారం.

మెదడుకు పడే ముద్ర

శరీరానికి జరిగినట్టే మెదడుకూ జరుగుతుందా? 1959లో అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ ఫీనిక్స్, రాబర్ట్ గోయ్, ఆర్నాల్డ్ జెరాల్, విలియం యంగ్ ప్రకటించిన ప్రయోగం ఈ రంగానికి పునాది. చూడితో ఉన్న గినీపందులకు టెస్టోస్టెరాన్ ఎక్కించారు. పుట్టిన ఆడపిల్లలు పెద్దయ్యాక, ఆడ హార్మోన్లు తగినంత ఇచ్చినా మగదాన్ని దరిచేరనివ్వలేదు. టెస్టోస్టెరాన్ ఇస్తే మగవాటిలా ఎగబాకాయి. అదే మోతాదు పెద్దయిన ఆడ గినీపందికి ఇస్తే ఇంతటి శాశ్వతమైన మార్పు రాలేదు.

వారు దీన్నుంచి రెండు దశలను గుర్తించారు. పుట్టుకకు ముందో, పుట్టిన కొత్తలోనో ఒక గడువు ఉంటుంది. ఆ గడువులో హార్మోను మెదడు అల్లికనే తీర్చి పోతుంది. ఆ తరువాత అది రక్తంలో లేకపోయినా అల్లిక ఉండిపోతుంది. యౌవనంలో మళ్ళీ వచ్చే హార్మోను ఆ అల్లికను మేల్కొలిపి నడిపిస్తుంది. కుమ్మరి సారె మీద పచ్చికుండకు పడిన వేలిముద్ర ఆవంలో కాలిన తరువాత చెరగదు. నీళ్ళు పోసినప్పుడు మాత్రమే ఆ కుండ పనికొచ్చేది. ఈ పోలిక కొంతదూరం వరకే పనికొస్తుంది, ఎందుకంటే యౌవనం కూడా మెదడును తిరగరాసే ఒక గడువేనని ఇప్పుడు తెలుసు.

ఎలుకల మెదడులో ఆ ముద్రను కంటితో చూడవచ్చు. ప్రీఆప్టిక్ ప్రాంతంలోని ఒక కణాల గుంపు మగ ఎలుకలో ఆడ ఎలుక కంటే కొన్ని రెట్లు పెద్దదని రోజర్ గోర్‌స్కీ బృందం 1978లో చూపింది. పుట్టిన కొత్తలో ఆడ ఎలుకకు టెస్టోస్టెరాన్ ఇస్తే ఆ గుంపు పెరుగుతుంది. ఇక్కడొక చిక్కుముడి ఉంది. ఎలుక మెదడులో మగముద్ర వేసేది నేరుగా టెస్టోస్టెరాన్ కాదు. మెదడు కణంలోని అరోమటేజ్ అనే ఎంజైము దాన్ని ఈస్ట్రడయాల్‌గా మార్చాక, ఆ ఈస్ట్రడయాలే పని చేస్తుంది. ‘ఆడ హార్మోను’ మగ మెదడును తయారుచేస్తుందన్నమాట. తల్లి ఈస్ట్రోజన్ ఆడపిల్ల మెదడుకు తగలకుండా ఎలుక పిండంలో ఒక ప్రోటీను దాన్ని పట్టి ఉంచుతుంది.

మనిషి విషయంలో లెక్క వేరు. ఎక్స్‌వై క్రోమోజోములున్నా, టెస్టోస్టెరాన్ వంటి ఆండ్రోజన్లను అందుకునే ఆండ్రోజన్ గ్రాహకం అసలు పనిచేయని వ్యక్తులున్నారు. వారికి కడుపులో వృషణాలుంటాయి, టెస్టోస్టెరాన్ నిండుగా ఉంటుంది, అరోమటేజ్ పనిచేస్తుంది. అయినా వారు ఆడరూపంతో పుడతారు, ఆడపిల్లలుగా పెరుగుతారు, దాదాపు అందరూ తమను స్త్రీలుగానే భావించుకుంటారు. పదిహేను పదహారేళ్ళు వచ్చినా నెలసరి రాలేదని ఆసుపత్రికి వెళ్ళినప్పుడే చాలామందికి సంగతి తెలుస్తుంది. దీన్నిబట్టి మనిషి మెదడుకు ఈస్ట్రడయాల్ దారి కంటే ఆండ్రోజన్ గ్రాహకం దారే ముఖ్యమని అనుకోవలసి ఉంటుంది.

పురిటిబిడ్డల్లో కనిపించే పాఠాలు

మనుషుల మీద గినీపందుల ప్రయోగం చేయలేం, చేయకూడదు. ఈ రంగంలో మనిషి గురించి తెలిసినదంతా ఎక్కువగా పుట్టుకతో భేదాలున్న పిల్లల దగ్గర నేర్చుకున్నదే. ఆ రుణం మరచి వారిని కేవలం ఉదాహరణలుగా చూడటం అన్యాయం.

అధివృక్క గ్రంథిలో 21-హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైము లోపిస్తే కార్టిసాల్ తయారుకాదు. దానికోసం మెదడు గ్రంథిని మరింత తొందరపెడుతుంది. ముడిసరుకంతా పక్కదారి పట్టి ఆండ్రోజన్లుగా మారుతుంది. ఎక్స్ఎక్స్ బిడ్డ గర్భంలోనే వాటి ప్రభావానికి లోనై, పుట్టినప్పుడు ఆడో మగో తేల్చలేని రూపంతో ఉండవచ్చు. వైద్యులు దీన్ని సీఏహెచ్ అంటారు. ఈ ఆడపిల్లలు చిన్నతనంలో బొమ్మల కంటే బండ్లూ కట్టుడు దిమ్మెలూ ఎక్కువ ఇష్టపడతారని షెరీ బెరెన్‌బామ్, మెలిస్సా హైన్స్ 1992లో చూపారు, తరువాతి అధ్యయనాలు బలపరిచాయి. అయినా వారిలో అత్యధికులు పెద్దయ్యాక తమను స్త్రీలుగానే చెప్పుకుంటారు. ఆటల ఇష్టం ఒక సంగతి, తానెవరన్న భావన ఇంకొకటి. గర్భంలోని ఆండ్రోజన్ మొదటిదాన్ని కదిపినంతగా రెండోదాన్ని కదపలేదు.

తెలుగు కుటుంబాలు ఈ స్థితి గురించి తెలుసుకోవడానికి ప్రత్యేక కారణముంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే సీఏహెచ్ కలుగుతుంది. మేనరికంలో ఇద్దరూ ఒకే తాత నుంచో అవ్వ నుంచో ఒకే లోపాన్ని మోసే అవకాశం పెరుగుతుంది. భారత వైద్య పరిశోధన మండలి హైదరాబాదు సహా అయిదు నగరాల్లో లక్షకు పైగా పురిటిబిడ్డలను పరీక్షించినప్పుడు, సుమారు 5,760 మందిలో ఒకరికి ఈ లోపం బయటపడింది. చాలా పాశ్చాత్య దేశాల్లో ఈ లెక్క సుమారు 15,000కు ఒకటి. వీరిలో ఎక్కువమందికి ఒంట్లో ఉప్పు నిలవదు. రెండో మూడో వారంలో వాంతులు, నీరసం, ఒళ్ళు చల్లబడటం మొదలై ప్రాణం మీదికి వస్తుంది. మగబిడ్డల్లో పైకి తేడా కనిపించదు కాబట్టి వారికే ముప్పు ఎక్కువ, విరేచనాలో విషజ్వరమో అనుకుని పోగొట్టుకుంటారు. మడమ మీద సూదితో గుచ్చి తీసిన కొన్ని రక్తపు చుక్కలతో ఈ లోపాన్ని కనిపెట్టవచ్చు. రోజూ వేసుకునే మాత్రలతో నిండు జీవితం బతకవచ్చు. ప్రతి ప్రసూతి ఆసుపత్రిలోనూ ఈ పరీక్ష తప్పనిసరి కావాలి. అవటు గ్రంథి లోపమూ అదే రక్తపు చుక్కల్లో తెలుస్తుంది. మొదటి వారాల్లోనే థైరాక్సిన్ అందకపోతే బిడ్డ మెదడు ఎదుగుదల శాశ్వతంగా కుంటుపడుతుంది.

డొమినికన్ రిపబ్లిక్‌లో సాలినాస్ అనే పల్లె ఉంది. అక్కడి కొన్ని కుటుంబాల్లో టెస్టోస్టెరాన్‌ను డీహెచ్‌టీగా మార్చే ఎంజైము లేక, ఎక్స్‌వై పిల్లలు ఆడపిల్లల్లా పుట్టేవారు. యౌవనంలో టెస్టోస్టెరాన్ పోటెత్తగానే గొంతు బొంగురుపోయి, కండలు తిరిగి, పురుషాంగం ఎదిగేది. జూలియన్ ఇంపెరాటో-మెక్‌గిన్లీ 1974లో దీన్ని లోకానికి తెలిపారు. ఆడపిల్లలుగా పెరిగి వివరాలు దొరికిన 18 మందిలో 17 మంది మగవారిగా మారారు. దీన్ని హార్మోను బలానికి తిరుగులేని నిదర్శనంగా చాలామంది చెబుతారు. ఆ ఊరివారికి ఈ పిల్లల సంగతి తెలుసని, వారికంటూ వాడుక పేరు కూడా ఉందని గుర్తుపెట్టుకోవాలి. మారడానికి దారి అక్కడి సమాజంలో ముందే ఉంది.

పెంపకం ఓడిన చోటు

1960లలో అమెరికాలో జాన్ మనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బిడ్డ పుట్టిన మొదటి రెండేళ్ళలో ఎలా పెంచితే అలా ఆడో మగో అవుతుందని బోధించాడు. ఆ కాలంలోనే కెనడాలో మగ కవలల్లో ఒకరికి సున్తీ చేస్తుండగా అవయవం కాలిపోయింది. మనీ సలహాతో ఆ బిడ్డకు వృషణాలు తీసివేసి, ఆడపేరు పెట్టి, గౌన్లు తొడిగి పెంచారు. 1972లో మనీ దీన్ని తన సిద్ధాంతానికి విజయంగా రాశాడు. ఇంట్లో జరుగుతున్నది అందుకు పూర్తిగా విరుద్ధం. ఆ పిల్లవాడు గౌన్లు చింపుకున్నాడు, నిలబడే మూత్రం పోసేవాడు, బడిలో ఎవరితోనూ కలవలేక కుమిలిపోయాడు. పద్నాలుగో ఏట తండ్రి నిజం చెప్పగానే మగవాడిగా బతకడం మొదలుపెట్టాడు. 1997లో మిల్టన్ డైమండ్, కీత్ సిగ్మండ్‌సన్ ఈ నిజాన్ని బయటపెట్టేలోగా ఎన్నో పసిబిడ్డల ఒంటిమీద అదే సలహా అమలైపోయింది. ఆ వ్యక్తి 2004లో, 38వ ఏట ఆత్మహత్య చేసుకున్నాడు.

అదే ఏడాది వెలువడిన మరో అధ్యయనంలో, కటి భాగం సరిగా ఏర్పడక పుట్టినందున ఆడపిల్లలుగా మార్చిన 14 మంది ఎక్స్‌వై పిల్లల్లో 8 మంది తాము మగవారమని ప్రకటించుకున్నారు. మిగతా ఆరుగురు ప్రకటించుకోలేదన్నదీ అంతే ముఖ్యం. హార్మోను ముద్ర పడిన మెదడును పెంపకం తుడిచేయలేదు, అలాగని ఆ ముద్ర ఒక్కటే మనిషిని నిర్ణయించదు. పసిబిడ్డ ప్రాణానికి అవసరం లేని శస్త్రచికిత్సలు చేయవద్దని 2019లో మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పు వెనుక ఇలాంటి జీవితాల బాధ ఉంది.

ఆడ మెదడు, మగ మెదడు

సగటున పురుషుల మెదడు స్త్రీల మెదడు కంటే పదిశాతం దాకా పెద్దది. కొన్ని భాగాల్లో చిన్న తేడాలున్నాయి. వీటిని పట్టుకుని ‘ఆడవారి మెదడు ఇంతే, మగవారి మెదడు అంతే’ అని రాసిన పుస్తకాలకు లెక్కలేదు. టెల్ అవీవ్‌లో డాఫ్నా జోయెల్ బృందం 2015లో 1,400కు పైగా మెదడు స్కాన్లను భాగం భాగంగా పోల్చింది. అన్ని భాగాలూ ‘మగ’ కొసనో, అన్నీ ‘ఆడ’ కొసనో ఉన్న మెదళ్ళు చాలా అరుదు. ఎక్కువమంది మెదడు రెండింటి కలనేత. ఈ పద్ధతిని విమర్శించినవారూ ఉన్నారు. భాగాలన్నింటినీ కలిపి కంప్యూటరుకు ఇస్తే అది చాలావరకు లింగాన్ని ఊహించగలదని వారు చూపారు. రెండు మాటలూ నిజమే. ముఖంలో కళ్ళూ ముక్కూ విడివిడిగా చూస్తే తేల్చలేం, కలిపి చూస్తే తేల్చగలం.

ఎవరిమీద ఆకర్షణ కలుగుతుందన్నది ఇంకా కష్టమైన ప్రశ్న. హైపోథాలమస్‌లోని ఒక చిన్న కణాల గుంపు స్వలింగ ఆకర్షణ ఉన్న పురుషుల్లో చిన్నదని 1991లో సైమన్ లెవే ప్రకటించినప్పుడు పెద్ద సంచలనం రేగింది. ఆయన పరిశీలించిన మెదళ్ళలో చాలావి ఎయిడ్స్‌తో చనిపోయినవారివి కాబట్టి ఆ ఫలితాన్ని జాగ్రత్తగా చదవాలి. పొట్టేళ్ళలో మాత్రం సాక్ష్యం బలంగా ఉంది. వాటిలో సుమారు 8 శాతం ఎదురుగా గొర్రె ఉన్నా పొట్టేలునే కోరుకుంటాయి. 2019లో దాదాపు 4,80,000 మంది జన్యువులను పరిశీలించిన అధ్యయనం, దీనికి ఒకే జన్యువంటూ లేదని తేల్చింది. ఇది రోగం కాదని మాత్రం వైద్యశాస్త్రం దశాబ్దాల క్రితమే తేల్చింది. చట్టం ఆలస్యంగా వచ్చింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కులను సుప్రీంకోర్టు 2014లో గుర్తించింది, స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసిన 377వ సెక్షన్‌ను 2018లో సడలించింది. నిజాం కాలంలో, 1919లో వచ్చిన ‘నపుంసకుల చట్టం’ హిజ్రాలను పోలీసు రిజిస్టరులో చేర్చి నేరస్తుల్లా చూసింది. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టివేసింది 2023లో.

ఈడేరడం

యౌవనారంభానికి తెలుగులో ఉన్న మాటల్లో ‘ఈడేరడం’ అన్నిటికంటే చక్కనిది. దాన్ని మొదలుపెట్టేవి మెదడులోని 8,600 కోట్ల నాడీకణాల్లో కొద్దివేల జీఎన్ఆర్‌హెచ్ కణాలు. వీటి పుట్టుక విచిత్రం. ఇవి మెదడులో పుట్టవు. పిండదశలో ముక్కు దగ్గర పుట్టి, వాసన నరాల దారిన మెల్లగా ప్రాకుతూ హైపోథాలమస్‌కు చేరతాయి. దారిలో ఆగిపోతే ఆ వ్యక్తికి వాసన తెలియదు, ఈడూ రాదు. కాల్‌మన్ సిండ్రోమ్ అనే ఈ స్థితికి మందుంది. మల్లెపూల వాసన తెలియని పిల్లవాడికి పదిహేనేళ్ళు దాటినా మీసం మొలవకపోతే ఈ రెండింటికీ ఒకటే మూలమని వైద్యుడు గుర్తించాలి.

పుట్టిన మొదటి నెలల్లో ఈ కణాలు ఒకసారి చురుగ్గా పనిచేస్తాయి. తరువాత ఏళ్ళ తరబడి అణగి ఉంటాయి. వాటిని తిరిగి లేపేది కిస్‌పెప్టిన్ అనే హార్మోను. దాని జన్యువు కేన్సరు పరిశోధనలో అమెరికాలోని హెర్షీ అనే ఊళ్ళో దొరికింది, ఆ ఊరి చాక్లెట్ పేరే దానికి పెట్టారు. 2003లో దాని గ్రాహకం లోపించిన కుటుంబాల్లో ఈడు రాకపోవడం గమనించాక అసలు విలువ తెలిసింది. ఒంట్లో కొవ్వు ఎంతుందో చెప్పే లెప్టిన్ కూడా ఇక్కడికే కబురు పంపుతుంది. అందుకే తిండి చాలని పిల్లలు ఆలస్యంగా పెద్దవారవుతారు.

జీఎన్ఆర్‌హెచ్ ధారగా కారితే పనిచేయదు. గంటకో గంటన్నరకో ఒక్క తడవ వదలాలి. ఎర్నెస్ట్ నోబిల్ 1978లో కోతుల మీద దీన్ని నిరూపించాడు. గంటకోసారి ఇస్తే పీయూష గ్రంథి పలికింది, ఆపకుండా ఇస్తే మూగబోయింది. ఎనిమిదేళ్ళు నిండకుండానే ఈడేరే ఆడపిల్లలకు నెలకోసారి ఇచ్చే సూదిమందు ఈ సూత్రం మీదే పనిచేస్తుంది. అది ఆపకుండా తట్టి తట్టి గ్రంథిని నిద్రపుచ్చుతుంది.

టెస్టోస్టెరాన్ మీద ఉన్న నింద

ఉగాదికి కుహూ అని కూసేది మగకోయిల. ఋతువును బట్టి పాడే పక్షుల్లో పగటి నిడివి పెరిగితే టెస్టోస్టెరాన్ పెరుగుతుంది, మెదడులో పాటను నడిపే కేంద్రాలు ఉబ్బుతాయి. కానరీల్లో ఆ మార్పును ఫెర్నాండో నోటెబామ్ కొలిచి చూపాడు. ఆడ కానరీకి టెస్టోస్టెరాన్ ఇస్తే అదీ పాట అందుకుంటుంది.

మనిషిలో టెస్టోస్టెరాన్ అనగానే గుర్తొచ్చేది కొట్లాట. రక్తంలో దాని మోతాదుకూ దౌర్జన్యానికీ ఉన్న బంధం నిజానికి చాలా బలహీనం. జాన్ వింగ్‌ఫీల్డ్ పక్షుల్లో గమనించినట్టు, తగవు వచ్చినప్పుడు హార్మోను పెరుగుతుంది, పిల్లల్ని సాకేటప్పుడు తగ్గుతుంది. ఫిలిప్పీన్స్‌లోని సెబూలో 600 మందికి పైగా యువకులను ఏళ్ళ తరబడి పరిశీలిస్తే, తండ్రులైనవారిలో టెస్టోస్టెరాన్ బాగా పడిపోయింది. రోజుకు మూడు గంటలో అంతకు మించో బిడ్డ పనులు చూసేవారిలో ఇంకా తక్కువ. ప్రవర్తన హార్మోనును మార్చిందన్నమాట. 2010లో స్విట్జర్లాండులో సుమారు 120 మంది స్త్రీలకు మందో ఉత్తిదో ఇచ్చి డబ్బు పంచుకునే ఆట ఆడించారు. టెస్టోస్టెరాన్ అందినవారు మరింత న్యాయంగా పంచారు. తమకు టెస్టోస్టెరాన్ ఇచ్చారని నమ్మినవారు, నిజంగా అందినా అందకపోయినా, స్వార్థంగా పంచారు. ఆ పదార్థం కంటే దాని మీద మనకున్న నమ్మకమే ఎక్కువ కీడు చేసింది.

ఆక్సిటోసిన్‌కు దీనికి పూర్తిగా భిన్నమైన పేరొచ్చింది. ప్రసవానికీ పాలచేపుకూ తోడ్పడే ఈ హార్మోను జంటకట్టి బతికే ఒక రకం అమెరికా ఎలుకల్లో ప్రేమకు మూలమని చెప్పడంతో పత్రికలు దాన్ని ఆకాశానికెత్తాయి. 2023లో దాని గ్రాహకం లేకుండా పుట్టించిన ఎలుకలు కూడా చక్కగా జంటకట్టాయి. ఒక్క అణువుకు అనురాగమంతా అంటగట్టలేం.

నెలనెలా, పురిట్లో, ముట్లుడిగాక

ఆడ ఎలుకలో నాలుగైదు రోజులకో చక్రం తిరుగుతుంది. ఆ కొద్దిరోజుల్లోనే హిప్పోక్యాంపస్ నాడీకణాల మీది ముళ్ళలాంటి సంధిస్థానాల్లో సుమారు మూడోవంతు పుట్టి మాయమవుతాయని కాథరిన్ వూలీ, బ్రూస్ మెకెవెన్ 1990లో చూపారు. పెద్దయిన మెదడు గట్టిపడిన రాయి అనుకునే రోజుల్లో ఇది నమ్మశక్యం కాని మాట.

నెలసరికి ముందు కొందరు స్త్రీలను తీవ్రమైన దిగులు, చిరాకు ముంచెత్తుతాయి. వారి హార్మోన్లలో లోపముందని చాలాకాలం వెతికారు. 1998లో పీటర్ ష్మిట్ బృందం వారి చక్రాన్ని మందుతో ఆపి, తిరిగి మామూలు మోతాదులో హార్మోన్లు ఇచ్చింది. ఆ బాధ ఉన్న స్త్రీలకే దిగులు తిరిగివచ్చింది, మిగతావారికి ఏమీ కాలేదు. లోపం మోతాదులో లేదు. మామూలు మోతాదుకు వారి మెదడు స్పందించే తీరులో ఉంది. ‘అన్నీ మామూలుగానే ఉన్నాయి, నీదంతా భ్రమ’ అని రక్తపరీక్ష కాగితం చూపి పంపించేసే ఇంటివారూ వైద్యులూ ఈ ప్రయోగం గురించి తెలుసుకోవాలి.

కాన్పుతో ఈస్ట్రడయాల్, ప్రొజెస్టెరాన్ ఒక్కసారిగా పాతాళానికి పడతాయి. ప్రొజెస్టెరాన్ నుంచి పుట్టి మెదడును శాంతింపజేసే అల్లోప్రెగ్నెనలోన్ కూడా వాటితోపాటే పడిపోతుంది. బాలింత దిగులుకు ఇదొక కారణమన్న ఆలోచనే మందుకు దారితీసింది. ఆ పదార్థాన్నే సెలైన్‌లా 60 గంటలపాటు ఎక్కించే చికిత్సకు అమెరికాలో 2019లోనూ, 14 రోజులు మింగే మాత్రకు 2023లోనూ అనుమతి దొరికింది. బాలింత ఏడుస్తుంటే గాలి సోకిందనో, పుట్టింటి మీద బెంగ అనో సరిపెట్టుకునే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి.

ముట్లుడిగే వయసులో ఒంట్లోంచి ఆవిర్లు ఎగసి, అర్ధరాత్రి దుప్పటి తన్నేసి విసనకర్ర అందుకునే స్త్రీకి ఆ వేడి నిజంగా ఎక్కడ పుడుతోందో నవోమీ రాన్స్ పరిశోధనలు చూపించాయి. ముట్లుడిగిన స్త్రీల హైపోథాలమస్‌లో ఒక కణాల గుంపు బాగా లావెక్కి ఉండటం ఆమె గమనించారు. ఇన్నేళ్ళూ ఈస్ట్రోజన్ వాటికి పగ్గం వేసింది. అది తగ్గగానే అవి చెలరేగి, పక్కనే ఉన్న ఒంటివేడి కేంద్రాన్ని కుదిపేస్తున్నాయి. వాటి కబురు అందకుండా గ్రాహకాన్ని మూసే మాత్ర 2023లో వచ్చింది. ఆ కణాలు వదిలే పదార్థాల్లో కిస్‌పెప్టిన్ ఒకటి. ఆ స్త్రీకి పన్నెండో పదమూడో ఏట, ఇంట్లో పీట వేసి కూర్చోబెట్టి నువ్వులూ బెల్లం పెట్టిన నాడు, ఆమెను పెద్దమనిషిని చేసినవీ ఈ కణాలే.